ముందు పోటీ, తర్వాతే జట్టు

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25కు ఉత్తమ క్రీడాకారిణిగా గుగులోత్ సౌమ్యను ఎంపిక చేసింది. నిజామాబాద్ జిల్లా తండాలో పెరిగిన లంబాడా అమ్మాయి. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. అదే సీజన్లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులోనూ ఉంది. తెలంగాణకు ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

సంతోషం సరే, అసలు సంగతి కూడా చూసుకోవాలి. సౌమ్యను తయారు చేసింది నిజామాబాద్‌లోని ఒక అకాడమీ. తర్వాత సాన పట్టినవి పరాయి రాష్ట్రాల క్లబ్బులు. మన కాలేజీల ఫుట్‌బాల్‌కు ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులున్న మహబూబాబాద్ నుంచి గానీ, జనగామ, భూపాలపల్లి జిల్లాల నుంచి గానీ మరో సౌమ్య ఎందుకు రాలేదని అడిగి చూడండి. జవాబులు సిద్ధంగా ఉంటాయి: అమ్మానాన్నలు పంపరు, షార్ట్స్ వేసుకోనివ్వరు, గ్రౌండ్లు లేవు. అబద్ధాలేం కావు. కానీ ఇవే అడ్డంకులు కబడ్డీకీ ఉన్నాయి, ఖోఖోకీ ఉన్నాయి, పరుగు పందేలకూ ఉన్నాయి. అయినా ఆ ఆటల్లో ఇక్కడి అమ్మాయిలు ఏటా మండలం దాటి, జిల్లా దాటి పోతూనే ఉన్నారు. ఆ ఆటలకు ఫలానా నెలలో ఫలానా చోట పోటీ ఉంటుందని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌కు (పీడీకి) తెలుసు, పిల్లకు తెలుసు, చివరికి ఇంట్లోవాళ్లకూ తెలుసు. ఫుట్‌బాల్‌కు ఆ భరోసా లేదు. ఆడే అమ్మాయిలు ఉంటే పోటీ పెడతాం అంటున్నాం మనం. ఈ ఆట కాలేజీల్లో వేళ్లూనుకున్న చోట జరిగింది దీనికి తలకిందులు. అక్కడ ముందు పోటీ వచ్చింది, అమ్మాయిలు ఆ వెనక వచ్చారు.

కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ అనగానే మొదట చెప్పుకోవాల్సింది అమెరికా గురించి. అక్కడ దాన్ని సాకర్ అంటారు. కథ మైదానంలో మొదలు కాలేదు, చట్టసభలో మొదలైంది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యా చట్టంపై సంతకం చేశాడు. అందులో టైటిల్ నైన్ అనే భాగం ఉంది. కీలకమైన వాక్యం ఇంగ్లిష్‌లో 37 మాటలే. కేంద్రం డబ్బు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ అని వివక్ష చూపకూడదన్నది దాని సారం. ఆట అన్న మాటే అందులో లేదు. కానీ కాలేజీ అన్నాక మైదానం కూడా కాలేజీయే కదా! మగపిల్లలకు జట్లు, కోచ్‌లు, ప్రయాణ ఖర్చులు, స్కాలర్‌షిప్పులు ఇచ్చి ఆడపిల్లలకు ఇవ్వకపోతే వివక్ష కాక మరేమిటని ప్రశ్న వచ్చింది. కాలేజీ యాజమాన్యాలు లెక్కలు వేసుకున్నాయి. హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే వంద మంది దాకా మగపిల్లలను మింగేస్తుంది. దానికి దీటుగా ఆడపిల్లల సంఖ్య చూపించాలంటే ఎక్కువమంది ఆడే ఆట కావాలి, ఖర్చు తక్కువ ఉండాలి. సాకర్ ఆ రెండు లెక్కలకూ సరిపోయింది. ఆట మీద ప్రేమతో జట్టు పెట్టిన కాలేజీలు కొన్నే. చట్టానికి జవాబు చెప్పుకోలేక పెట్టినవే ఎక్కువ అని నా నమ్మకం. దాంతో పోయిందేమీ లేదు. ప్రేమ ఉన్నా లేకపోయినా జట్టు వచ్చింది.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. అక్కడి అమ్మాయిలు తమంతట తామే ఒక క్లబ్బు పెట్టుకుని ఆడుకుంటూ, మాకు అధికారిక హోదా ఇవ్వండని విశ్వవిద్యాలయాన్ని అడిగారు. అప్పటికే అబ్బాయిల జట్టును నడుపుతున్న ఆన్సన్ డోరెన్స్‌ను వెళ్లి చూసి రమ్మన్నారు. ఆయన చూసి సరేనన్నాడు. 1979లో జట్టు ఏర్పడింది. చిక్కల్లా ఎవరితో ఆడాలన్నదే. చుట్టుపక్కల కాలేజీల్లో ఆడపిల్లల జట్లు వేళ్ల మీద లెక్కించేటన్ని కూడా లేవు. కాలేజీలతో సంబంధం లేని క్లబ్బు జట్లతో ఆడి ఆ ఏడాది నెట్టుకొచ్చారు. రెండేళ్లకు, 1981లో, ఆడపిల్లల కాలేజీ క్రీడలను అప్పట్లో చూసుకునే ఏఐఏడబ్ల్యూ సంఘం జాతీయ పోటీ పెట్టింది. ఫైనల్లో నార్త్ కరోలినా 1-0తో సెంట్రల్ ఫ్లోరిడాను ఓడించింది. మరుసటి ఏడాది పెద్ద సంఘం ఎన్‌సీఏఏ రంగంలోకి దిగింది. 1982లో 12 జట్లతో దాని తొలి ఛాంపియన్‌షిప్. ఫైనల్లో మళ్లీ అవే రెండు జట్లు, మళ్లీ అదే విజేత, స్కోరు 2-0.

ఆ తర్వాత నడిచిన కథను పోటీ అనడానికి నోరు రాదు. మొదటి 19 ఏళ్లలో 16 సార్లు కప్పు నార్త్ కరోలినాకే పోయింది. 1986 నుంచి 1994 దాకా వరుసగా తొమ్మిది. 1990 నుంచి 1994 మధ్య వరుసగా 92 మ్యాచ్‌లు గెలిచింది. గెలిచేది ఎవరో ముందే తెలిసిన పోటీ ఇది. మన దగ్గరైతే రెండో ఏడాదే ‘ఏకపక్షంగా ఉంది, స్పందన లేదు’ అని ఫైలు మూసేసేవాళ్లం. వాళ్లు మూయలేదు. ఏటా పోటీ ఉందన్న ధీమాతో మిగతా కాలేజీలు ఒక్కొక్కటే జట్లు కట్టాయి. 1985లో జార్జ్ మేసన్ జట్టు నార్త్ కరోలినాను ఫైనల్లో ఓడించి, అసాధ్యం కాదని చూపించింది. 12 జట్ల పోటీ 2001 నాటికి 64 జట్లకు పెరిగింది. ఇప్పుడు మొదటి శ్రేణి కాలేజీల్లోనే మూడు వందలకు పైగా జట్లు ఉన్నాయి.

ఇక్కడ తేదీలు గమనించాలి. అమెరికా మహిళల జాతీయ జట్టు మొట్టమొదటి మ్యాచ్ ఆడింది 1985లో, ఇటలీలో. కాలేజీ ఛాంపియన్‌షిప్ మొదలై అప్పటికే నాలుగేళ్లు. అంటే దేశానికి జట్టు లేనప్పుడే కాలేజీలకు పోటీ ఉంది. 1991లో చైనాలో తొలి మహిళల ప్రపంచకప్ జరిగింది. ఆడవాళ్లు 90 నిమిషాలు ఆడలేరేమోనన్న అనుమానంతో కాబోలు మ్యాచ్‌ను 80 నిమిషాలకు కుదించారు! ఆ కప్పు గెలిచిన అమెరికా జట్టులో 18 మంది ఉంటే, తొమ్మిది మంది నార్త్ కరోలినా విద్యార్థినులు, పూర్వ విద్యార్థినులే. కోచ్ కూడా డోరెన్సే. ఫైనల్లో నార్వే మీద కొట్టిన రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్‌వి. ఆమె చదివిందేమో సెంట్రల్ ఫ్లోరిడాలో, తొలి రెండు ఫైనల్స్‌లో ఓడిపోయిన కాలేజీలో. ఓడిన జట్టు మూతపడకుండా నిలబడింది కాబట్టి ఆమెకు ఆడే చోటు దొరికింది.

అమెరికా దారి పూలబాటేమీ కాదు. ఆడవాళ్లే నడుపుకున్న ఏఐఏడబ్ల్యూ, ఎన్‌సీఏఏ అడుగుపెట్టాక ఏడాది తిరగకుండానే చతికిలబడింది. 1972లో ఆడపిల్లల జట్లకు కోచ్‌లు తొంభై శాతానికి పైగా మహిళలే ఉండేవారు. డబ్బు, పేరు వచ్చాక ఆ కుర్చీల్లోకి మగవాళ్లు వచ్చారు. ఇప్పుడు మహిళా కోచ్‌లు సగం కూడా లేరు. 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు డోరెన్స్ మీదా విశ్వవిద్యాలయం మీదా లైంగిక వేధింపుల దావా వేశారు. ఆయన ఆరోపణలను కాదన్నాడు. ఒకరితో 2004లో, మరొకరితో 2008లో రాజీ కుదిరింది. పైగా అక్కడ చిన్నప్పటి నుంచి ప్రైవేటు క్లబ్బులకు ఫీజులు కట్టగలిగిన మధ్యతరగతి ఇళ్ల పిల్లలకే ఈ ఆట ఎక్కువగా అందుతోంది. అమెరికా చేసిందంతా మనం చేయాలని కాదు. పోటీని ఏటా ఆపకుండా నడపడం ఒక్కటి నేర్చుకుంటే చాలు.

ఆపితే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు డిక్ కెర్ లేడీస్ ఆడిన మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వొద్దని తీర్మానించింది. ఆ నిషేధం యాభై ఏళ్లు నడిచింది. జనం వచ్చారు, ఆటగత్తెలు ఉన్నారు, లేనిదల్లా వెనక నిలబడే సంస్థ.

మన దేశం సంగతికి వస్తే, ఆరంభం తక్కువదేం కాదు. 1975లో మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య వేరుగా ఏర్పడింది. కోజికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ భారత అమ్మాయిలు రన్నరప్‌గా నిలిచారు. అదే ఏడాది ఆ జట్టు ఆటగత్తె శాంతి మల్లిక్ అర్జున అవార్డు అందుకుంది. తర్వాత సమాఖ్య బలహీనపడి, 90ల మొదట్లో అఖిల భారత సమాఖ్యలో కలిసిపోయింది. జాతీయ ఛాంపియన్‌షిప్ కొత్తగా 1991లో మొదలైంది. అప్పటి నుంచి ఎక్కువగా మణిపుర్ రాజ్యమే. ఎందుకంటే అక్కడ ఊరూరా మ్యాచ్‌లు ఉన్నాయి. హరియాణాలోని అలఖ్‌పురా అనే ఒక్క గ్రామం ఆడపిల్లల జట్టును ఇండియన్ విమెన్స్ లీగ్ దాకా పంపింది. 2022లో భువనేశ్వర్‌లో అండర్-17 ప్రపంచకప్ ఆడిన భారత జట్టు కెప్టెన్ అస్తమ్ ఒరావ్ జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసి పిల్ల. ఆ జట్టు మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-8తో ఓడింది. ఆ ఎనిమిది గోల్స్ వెనక నలభై ఏళ్ల కాలేజీ పోటీ ఉంది.

ఫుట్‌బాల్ మనకు కొత్తా అంటే, కానే కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడిపంతులు. ఆ వైభవంలో ఆడపిల్లలకు వాటా దక్కలేదు. జంటనగరాలు దాటి కాజీపేట వైపు కూడా పెద్దగా రాలేదు.

ఇప్పుడు మన మూడు జిల్లాలు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్‌ను విడదీసినప్పుడు ఇవి పుట్టాయి. జిల్లాలు కొత్తవైనా డిగ్రీ కాలేజీలకు పెద్ద దిక్కు పాతదే: 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం. దేశమంతటా ఉన్న పద్ధతే ఇక్కడా. ముందు ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంటు, అందరూ ఐసీటీ అనేది దాన్నే. అందులోంచి యూనివర్సిటీ జట్టు. ఆ జట్టు సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి పోతుంది. జోన్‌లో ముందు నిలిచినవి ఆలిండియాకు. కాగితం మీద చూస్తే ఇది అమెరికా నిచ్చెన లాంటిదే. మెట్లన్నీ ఉన్నాయి. మొదటి మెట్టే గట్టిగా లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ ఐసీటీ అంటే చాలాసార్లు టోర్నమెంటు కాదు, ‘సెలక్షన్స్’. సరిపడా జట్లు రావు కాబట్టి పోటీ బదులు ఒక పూట ఎంపిక పెట్టేస్తారు. ఆ పూట ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. అమ్మాయిలు పొద్దున్నే బస్సు దిగి వస్తారు. చేతిలో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన ఎలిజిబిలిటీ ప్రొఫార్మా, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. సగం మందికి స్టడ్స్ ఉండవు. ఉన్నవాళ్లు ఆడి రాగానే విప్పి పక్కమ్మాయికి ఇస్తారు. సైజు పెద్దదైతే రెండు జతల సాక్స్. హ్యాండ్‌బాల్ ఆడే పిల్ల కనపడితే ‘నువ్వు గోల్‌లో నిలబడు బిడ్డా, బంతి బాగా పడతవ్’ అంటాడు పీడీ సార్. వింగ్‌లో పరిగెత్తేది ఖోఖో అమ్మాయి. ఇరవై నిమిషాలు ఆడించి పేర్లు చదువుతారు. క్యాంపు పెడితే పెడతారు, లేదంటే ట్రాక్‌సూట్ ఇచ్చి రైలెక్కిస్తారు. సౌత్ జోన్‌లో ఎదురుపడేది ఏళ్ల తరబడి కలిసి ఆడిన కేరళ, తమిళనాడు జట్లు. ఓడి వచ్చాక ‘మన పిల్లలకు స్టామినా లేదు’ అని తేల్చేస్తారు. మొత్తం మ్యాచ్ ఆడటం జీవితంలో అదే మొదటిసారైన అమ్మాయికి స్టామినా ఎక్కడి నుంచి వస్తుంది?

తప్పంతా పీడీలదని నేను అనను. కబడ్డీకి ఏడుగురు బరిలో ఉంటే చాలు, పన్నెండు మందితో జట్టు. ఫుట్‌బాల్‌కు బరిలోనే పదకొండు, అదనం కలుపుకుంటే పద్దెనిమిది. రెండు, మూడు వందల మంది అమ్మాయిలు, సెమిస్టర్ పరీక్షలు, రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే వాళ్లే ఎక్కువ ఉన్న కాలేజీలో పద్దెనిమిది మందిని పట్టి ఉంచడం మాటలు కాదు. సాయంత్రం ప్రాక్టీసు పెడితే రేగొండకో బచ్చన్నపేటకో పోయే ఆఖరి బస్సు దాటిపోతుంది. ఆ ఒక్క బస్సు ఆపేసినంతమంది అమ్మాయిల ఆటను ఏ ఛాందసమూ ఆపి ఉండదు. జనగామకూ మానుకోట (మహబూబాబాద్)కూ రైలుంది, భూపాలపల్లికి అదీ లేదు. ఏ వైపు నుంచైనా హనుమకొండ యాభై నుంచి డెబ్బై కిలోమీటర్లు.

అయితే ఇవే జిల్లాల్లో చేతిలో ఉన్న అవకాశం ఒకటుంది. 2016లో ప్రభుత్వం ఆడపిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు తెరిచింది. అక్కడి అమ్మాయిలకు ఆఖరి బస్సు భయం లేదు. ఉండేదీ తినేదీ అక్కడే, పొద్దున్న ఐదింటికి మైదానంలో ఉండమంటే ఉండగలరు. పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ గురుకుల బడుల పిల్లే. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిది ఈ పక్కనే ఉన్న వరంగల్ జిల్లా కల్లెడ. సత్తా గురించి అనుమానం ఎవరికీ అక్కర్లేదు. భూపాలపల్లిలో సింగరేణి ఉంది. కార్మికుల ఆటల పోటీలు నడిపే అలవాటు ఆ సంస్థకు దశాబ్దాలుగా ఉంది. మైదానం వారానికి రెండు పూటలు కాలేజీ అమ్మాయిలకు ఇవ్వడం దానికి ఒక సర్క్యులర్ పని. ఇక తెగువ సంగతంటారా, దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంట నిలబెట్టుకున్న చాకలి ఐలమ్మ పాలకుర్తి ఉన్నది జనగామ జిల్లాలోనే. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టుకున్నాం కూడా.

ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పే మాట ఒకటి పీడీలందరికీ తెలుసు, బయటి వాళ్లకే తెలియదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం-3 అని ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవాళ్లకు ఇచ్చేది అదే. రాష్ట్ర నియామకాల్లోనూ రెండు శాతం కోటా ఉంది. మిర్చి తోటలో కూలికి పోయే తల్లికి ఒలింపిక్స్ గురించి చెప్పనక్కర్లేదు. ఈ కాగితం గురించి చెబితే చాలు. కానీ సెలక్షన్స్‌లో ఇరవై నిమిషాల ఆటతో పంచిపెట్టే అవకాశం అయితే, అది ఆటగత్తెకు దొరుకుతుందో, పరిచయమున్న పిల్లకు దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? పదిమంది ముందు ఆడిన టోర్నమెంటు ఉంటే ఆ అనుమానానికి తావుండదు. పోటీ ఉండాలనడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే.

కాబట్టి అడగాల్సింది కొత్త స్టేడియం కాదు. క్రీడా విధానాలు, క్రీడా విశ్వవిద్యాలయాలు అన్న పెద్ద మాటలు హైదరాబాద్‌లో వినపడుతూనే ఉన్నాయి. వాటి చూపంతా పతకాల మీద. ఇక్కడ కావాల్సింది యూనివర్సిటీ క్రీడా విభాగం ఏడాది క్యాలెండర్లో ఒక గీత: ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు సెలక్షన్స్ ఉండవు, టోర్నమెంటే ఉంటుంది, ఫలానా వారం, ఫలానా కాలేజీలో. పదకొండు మంది దొరకని చోట ఏడుగురి ఆటతో మొదలుపెట్టొచ్చు. సగం మైదానం చాలు, పది, పన్నెండు మందితో జట్టు అవుతుంది. కబడ్డీ జట్టు కట్టగలిగిన ప్రతి కాలేజీ దీన్నీ కట్టగలదు. ఒక పట్టణంలోని రెండు, మూడు కాలేజీలు కలిసి ఒకే జట్టుగా రావడానికి జిల్లా స్థాయి వరకు ఒప్పుకోవాలి. ఆదివారం జనగామ, వచ్చే ఆదివారం మానుకోట, ఆపై భూపాలపల్లి అని తిప్పితే హనుమకొండ దాకా రావాల్సిన పని కూడా చివర్లో ఒక్కసారే. జట్టు వెంట మహిళా మేనేజర్ పేరుకు కాకుండా నిజంగా ఉండాలి. ఆటాడి డిగ్రీ ముగించిన అమ్మాయిలను బీపీఈడీ, ఎంపీఈడీలకు పంపి, తిరిగి ఇవే కాలేజీలకు పీడీలుగా తేవాలి. అమెరికా పోగొట్టుకున్నది మనం మొదటి నుంచే కాపాడుకోవచ్చు.

మొదటి ఏడాది నాలుగు జట్లే రావచ్చు. గురుకులం జట్టు మిగతావాళ్లను 9-0తో ఓడించవచ్చు, రెండో ఏడాదీ అదే జరగవచ్చు. ‘స్పందన లేదు’ అని రాయడానికి అప్పుడు ఎవరో ఒకరు కలం తీస్తారు. వరుసగా ఐదేళ్లు, ఎన్ని జట్లు వచ్చినా టోర్నమెంటు ఆగదని విశ్వవిద్యాలయం ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వగలదా అన్నదే తేలాలి. ఆ ఉత్తర్వు ఇవ్వడానికి పైసా ఖర్చు కాదు.